ఏడు గంటల హాజరు

కిందటి నెల ఒక చదువరి మాకు ఉత్తరం రాస్తూ, వెంగళరావు నగర్‌లో మీరు నడుపుతున్న రక్తదాతల బృందానికి ఫోనులో ఒక బాట్ ఉన్నదట గదా, అటువంటిది మేమూ పెట్టుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది, ఎవరు చేసిపెడతారు అని అడిగారు. ఆ రెండింటికీ జవాబు చిన్నదే. మొదలుపెట్టడానికి ఖర్చు దాదాపు లేదు. కంప్యూటరు కాస్త నేర్చిన కాలేజీ పిల్లవాడు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. అయితే వారు అడగని మూడో ప్రశ్న ఒకటున్నది. పెట్టుకున్న తరువాత దాన్ని రోజూ ఎవరు చూసుకుంటారు? మేము ఆ ప్రశ్న వేసుకోకుండానే రెండేళ్ళు గడిపాము. ఆ రెండేళ్ళ చివర ఏమి జరిగిందో చెప్పడం మాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది గానీ, చెప్పకుండా పద్ధతి మాత్రం చెబితే అది సగం జవాబే అవుతుంది.

బాట్ అంటే భయపడవలసినదేమీ లేదు. ఫోను గ్రూపులో మనుషుల పేర్ల పక్కన తానూ ఒక పేరుతో కూర్చునే ప్రోగ్రాము. ఎవరైనా ఒక మాట టైపు చేసినా, ఒక బటన్ నొక్కినా, తనకు నేర్పిన పని చేసి జవాబు రాస్తుంది. అంతే. ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలైజా అనే ప్రోగ్రాముతో మనుషుల చేత కబుర్లు చెప్పించాడు. 1988లో ఫిన్లాండులో ఐ.ఆర్.సి. అనే సంభాషణా పద్ధతి పుట్టింది. మనుషులు నిద్రపోయిన వేళ ఆ గదులను కాపలా కాయడానికి 1993లో ఎగ్‌డ్రాప్ అనే బాట్ తయారైంది. మన సంగతికి వస్తే, హైదరాబాదు మెట్రో 2022 అక్టోబరు నుంచి వాట్సాప్‌లోనే టిక్కెట్టు ఇస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించింది. అంటే మీలో చాలామంది బాట్‌తో ఇప్పటికే మాట్లాడి ఉంటారు, దాన్ని ఆ పేరుతో పిలవలేదంతే.

మాకు దాని అవసరం ఎందుకు వచ్చిందో చెబుతాము. మేము 23 మందిమి. అందులో టీచర్లున్నారు, అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు చదువుకునే పిల్లలున్నారు, కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా యూనిట్లలో లైట్ల పని చేసే ఇద్దరున్నారు. ఎవరు ఏ వేళ మేలుకుని ఉంటారో, ఎవరు ఏ ఊళ్ళో షూటింగులో ఉంటారో తెలియదు. పైగా రక్తం ఇచ్చినవారు వెంటనే మళ్ళీ ఇవ్వకూడదు. మన దేశంలో నియమం ప్రకారం మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు ఎడం ఉండాలి. మొదట్లో ఈ లెక్కంతా మా అక్క ఒకరు నోటుబుక్కులో రాసి పెట్టుకునేవారు. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయినవారు గనుక అందరూ సిస్టరమ్మ అంటారు. రాత్రి పదకొండింటికి ఏ ఆస్పత్రి నుంచో ఫోను వస్తే ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, పేజీలు తిప్పి, ఒక్కొక్కరికీ ఫోను చేసేవారు. వారిలో సగం మందికి గడువు పూర్తి అయ్యేది కాదు. మిగిలిన సగంలో సగం మంది ఫోను ఎత్తేవారు కాదు.

అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్న మా కుర్రవాడొకడు ఇది చూసి, అక్కా, ఈ లెక్క నేను చేయిస్తాను అన్నాడు. అందరి ఫోన్లలో వాట్సాప్ ఉన్నది గనుక అందులోనే పెట్టమన్నాము. వాడు కుదరదన్నాడు. వాట్సాప్ 2018లో తెరిచిన అధికారిక మార్గం వ్యాపార సంస్థల కోసం. మనవంటివారి మామూలు గ్రూపులో బాట్‌ను కూర్చోబెట్టడానికి దొంగదారి ప్రోగ్రాములున్నాయి గానీ, అవి వాడితే మన నంబరునే నిలిపివేయవచ్చు. టెలిగ్రామ్‌లో అయితే 2015 జూన్ నుంచే ఎవరైనా బాట్‌ను తయారు చేసుకోవచ్చు. అక్కడ బాట్‌ఫాదర్ అని ఒక పెద్ద బాట్ ఉన్నది. దానికి ఫలానా పేరుతో కొత్త బాట్ కావాలి అని రాస్తే, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి గుర్తు ఒకటి ఇస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. అది ఇంటి తాళంచెవి వంటిది సుమా. ఎవరి చేతికి చిక్కితే వారు మన బాట్ పేరుతో ఏమైనా రాయవచ్చు. మాలో ఒకరు సరదాగా దాని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు! వెంటనే బాట్‌ఫాదర్ దగ్గర పాతది రద్దు చేసి కొత్తది తీసుకున్నాము.

గ్రూపులో మన మాటలన్నీ అది వింటుందా అని సిస్టరమ్మ మొదటి రోజే అడిగారు. మంచి ప్రశ్న. మనం ప్రత్యేకంగా మార్చితే తప్ప, దాన్ని ఉద్దేశించి ఇచ్చిన ఆదేశాలు, దానికి జవాబుగా రాసిన మాటలు వంటివే దానికి అందుతాయి. మన కబుర్లు అందవు. మేము ఆ ఏర్పాటును అలాగే ఉంచాము. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి గనుక, వాటికి బదులు తెలుగులో మూడు బటన్లు పెట్టాము. రక్తం కావాలి, నేను వస్తాను, ఈసారి వీలుకాదు. ఇంకొక సంగతి. బాట్ తనంతట తాను ఎవరినీ పలకరించలేదు, ముందుగా వారే వచ్చి తలుపు తట్టాలి. అందుకని 23 మందిని ఒక రోజు కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత మొదలు బటన్ నొక్కించాము.

ఇక అది నివసించేది ఎక్కడ? ప్రోగ్రాము రాత్రింబవళ్ళు ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉండాలి. మొదట మా పాత లాప్‌టాప్‌ను పుస్తకాల అలమరలో పెట్టి నడిపించాము. కరెంటు పోయినప్పుడు అదీ పోయేది. అయినా టెలిగ్రామ్ వారు అందని సందేశాలను 24 గంటల వరకు దాచి ఉంచుతారు గనుక, యంత్రం లేవగానే అవి వచ్చేవి. ఆ గడువు దాటితే రావు. రక్తం విషయంలో గంట ఆలస్యమే ఎక్కువ గదా అని, చివరికి నెలకు కొన్ని వందల రూపాయలకు బయట ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకున్నాము. ఉచితంగా దొరికేవి ఉంటాయి. కానీ హెరోకు అనే ప్రసిద్ధ సంస్థ 2022 నవంబరు 28న తన ఉచిత సర్వర్లను ఆపివేసినప్పుడు, వాటి మీద ఆధారపడి సరదాకు నడుపుకుంటున్న బాట్లు ప్రపంచమంతటా మూగబోయాయి. మేము అక్కడ లేము గనుక బతికిపోయాము.

సర్వరుకు మారిన మొదటి రోజే ఒక వింత జరిగింది. సాయంత్రం ఏడింటికి రావలసిన గుర్తుచేసే మాట అర్ధరాత్రి పన్నెండున్నరకు వచ్చింది, 23 ఫోన్లు ఒకేసారి మోగాయి. సర్వరు గడియారం గ్రీనిచ్ కాలంలో ఉన్నది, మనకంటే ఐదున్నర గంటలు వెనుక. లైట్ల పని చేసే ఇద్దరూ మాత్రం అప్పటికి మేలుకునే ఉన్నారు, వారికి అదే అనుకూలమట.

ఇలా అన్నీ సర్దుకున్నాయి. బాట్ మా 90 రోజులు, 120 రోజులు తప్పకుండా లెక్కపెట్టేది. వీలున్నవారి పేర్లే చెప్పేది. దాని పేరు రాసిన చీటీలు రోగుల బంధువులకు ఇచ్చాము. వారు బాట్‌కే నేరుగా గ్రూపు, ఆస్పత్రి, ఫోను నంబరు చెప్పుకుంటే, అది మా గ్రూపులో ప్రకటించేది. కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్ళాడు. సిస్టరమ్మ నోటుబుక్కు సొరుగులోకి వెళ్ళింది. ఎవరూ దేనినీ చూడడం లేదని మాకు తట్టనేలేదు.

ఒక వానాకాలంలో మా బృందంలో కొత్తగా ఇద్దరు చేరారు. పాత సంగతులు వారికీ కనిపిస్తే బాగుంటుందని, మాలో ఒకరం గ్రూపు సెట్టింగుల్లో ఒక మీట నొక్కాము. కొత్తవారికి పాత సందేశాలు చూపించు అనే మీట అది. అలా నొక్కినప్పుడు టెలిగ్రామ్ చిన్న గ్రూపును పెద్ద గ్రూపుగా మారుస్తుంది. పైకి ఏ తేడా కనిపించదు. కానీ లోపల ఆ గ్రూపుకు ఉన్న గుర్తింపు అంకె మారిపోతుంది. మా ప్రోగ్రాములో పాత అంకెే రాసి ఉన్నది. ఆనాటి నుంచి బాట్ పంపిన ప్రతి మాటా తిరిగి వచ్చింది. తప్పు టెలిగ్రామ్ వారిది కాదు, ఈ మార్పు సంగతి వారు ముందే రాసి ఉంచారు, చదవనివారము మేము. తిప్పిపంపిన జవాబులో కొత్త అంకె ఏమిటో కూడా ఉన్నది. బాట్ ఆ జవాబును బుద్ధిగా తన చిట్టాలో రాసుకున్నది. ఆ చిట్టాను తెరిచేవారే లేరు.

ఐదు రోజులు గడిచాయి. గ్రూపు ప్రశాంతంగా ఉన్నది. ఎవరికీ రక్తం అవసరం రాలేదు కాబోలు, మంచిదే కదా అని మాలో మేము అనుకున్నాము కూడా.

ఆరో రోజు ఉదయం ఒకామె చీటీ వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసింది. వాళ్ళమ్మకు ఆపరేషను, బి నెగటివ్ కావాలి. ముందు రోజు సాయంత్రం ఆరింటికే బాట్‌లో బటన్ నొక్కింది. మీ మనవి అందింది, బృందానికి తెలియజేశాము అని జవాబు వచ్చింది. ఆ మాట నమ్మి రాత్రి పది దాటేవరకు మరెవరినీ అడగలేదు. ఆపరేషను వాయిదా పడింది. తరువాత బంధువుల ద్వారా ఒకరు దొరికారు. ఆమె మమ్మల్ని తిట్టడానికి ఫోను చేయలేదు. "అందింది అన్నారు కదండీ, అందుకని ఆగాను. ఇంకెవరైనా బయలుదేరుతుంటే వద్దని చెప్పండి" అన్నది.

మాకు నోట మాట రాలేదు. ఆ రోజు మాలో బి నెగటివ్ వారు ఒకరు, గడువు పూర్తి అయినవారు, యూసుఫ్‌గూడలో తమ ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం బెంగళూరు కుర్రవాడిని ఫోనులో కూర్చోబెట్టి ప్రోగ్రామంతా చదివించాము. అంకె మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టినది అంకె కాదు. తెలియజేశాము అనే వాక్యం, గ్రూపుకు సందేశం వెళ్ళకముందే పంపేటట్టు రాసి ఉన్నది. వెళ్ళిందో లేదో చూడకుండానే చెప్పేసేది. ఆమెను నాలుగు గంటలు ఆపినది ఆ వాక్యమే. అది రాసినది కుర్రవాడే అయినా, మొదటి రోజు చదివి, ఎంత మర్యాదగా ఉందో అని మెచ్చుకున్నది మేమే.

ఇప్పుడు బాట్ ఆ మాట అనదు. మీ మనవి రాసుకున్నాము, ఇంకా ఎవరూ చూడలేదు అంటుంది. మాలో ఒక మనిషి చూశాను అనే బటన్ నొక్కిన తరువాతనే, ఫలానా వారు చూశారు అని చెబుతుంది. పది నిమిషాల్లో ఎవరూ నొక్కకపోతే, మా కోసం ఆగవద్దు, బ్లడ్ బ్యాంకును కూడా అడగండి అని, ఆ వారం వంతు ఉన్నవారి ఫోను నంబరు ఇస్తుంది. వంతులు వేసుకున్నాము, వారానికొకరు. సందేశం తిరిగి వస్తే ఆ సంగతి చిట్టాలో కాక ఇద్దరి ఫోన్లకు పోతుంది. బాట్ కుర్రవాడి పేరున ఉండేది, దాన్ని మరొకరి పేరుకు మార్చే వీలు బాట్‌ఫాదర్ దగ్గరే ఉన్నది గనుక ఇక్కడ ఉండేవారి పేరుకు మార్చాము. ప్రోగ్రాము ఏ వెర్షన్ల మీద నడుస్తున్నదో కాగితం మీద రాసి పెట్టాము. ఇది చిన్న సంగతి కాదు. టెలిగ్రామ్ బాట్ల కోసం పైథాన్‌లో చాలామంది వాడే లైబ్రరీ 2023 జనవరిలో 20వ వెర్షన్‌కు వచ్చినప్పుడు, పాత పద్ధతిలో రాసినవారు తమ ప్రోగ్రాములను మార్చి రాసుకోవలసి వచ్చింది. తెలియకుండా అప్‌డేట్ నొక్కితే బాట్ లేవదు. రోగి జబ్బు వివరాలు అడగడం మానేశాము, నెల దాటిన మనవులు చెరిపేస్తున్నాము. దాతల జాబితాను నెలకొకసారి అచ్చు తీసి నోటుబుక్కులో అంటిస్తున్నాము.

ఈ మధ్య మా పిల్లలు కొందరు, ఏ.ఐ. పెడదాం, రోగి బంధువులు ఏది అడిగినా చెబుతుంది అంటున్నారు. మేము ఇంకా ఒప్పుకోలేదు. ఎయిర్ కెనడా వారి బాట్, ఆప్తులు చనిపోయినప్పుడు ఇచ్చే టిక్కెట్టు రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్, బాట్ మాటకు సంస్థదే బాధ్యత అని డబ్బు ఇప్పించింది. విమానం టిక్కెట్టయితే డబ్బుతో పోయింది. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉంటే ఎక్కించాలి అని మా బాట్‌ను ఎవరైనా అడిగితే, డాక్టరును అడగండి అనే ఒక్క జవాబే దానికి నేర్పాము.

అన్నిటికంటే పనికివచ్చిన మార్పు సిస్టరమ్మ చెప్పినది. ఆగిపోయిన బాట్ తాను ఆగిపోయానని చెప్పలేదు గదా, కాబట్టి బాగున్నప్పుడే చెప్పమనండి, వార్డులో డ్యూటీ మారేటప్పుడు మేము అలాగే చేసేవాళ్ళం అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఉదయం ఏడింటికి బాట్ గ్రూపులో, హాజరు, ఈ రోజు ఇవ్వగలిగినవారు ఇంతమంది అని రాస్తుంది. చాలామంది దాన్ని చదవరు. సిస్టరమ్మ చదువుతారు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను చూస్తూ ఉంటారు. ఏడూ పది దాటినా అది రాకపోతే బెంగళూరుకు ఫోను చేస్తారు. కిందటి నెల రెండుసార్లు చేశారట. ఒకసారి నిజంగానే సర్వరు ఆగింది. రెండోసారి ఆవిడ ఫోనులో డేటా అయిపోయింది.

"పరవాలేదక్కా, నిద్ర లేపారు, మంచిదే" అన్నాడట కుర్రవాడు.