తిమింగలం చీలమండ చెప్పే సాక్ష్యం

మొన్నొక జుమా నమాజు తర్వాత ఇంటర్ బైపీసీ చదివే అబ్బాయి మస్జిదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి అడిగాడు: “మౌల్వీ సాబ్, జువాలజీ పరీక్షలో జీవపరిణామం నిజమని రాస్తే గునాహ్ అవుతుందా?”

పదేళ్ల క్రితం ఇదే ప్రశ్నకు మేమిచ్చిన జవాబు గుర్తుంది. “మార్కుల కోసం రాసెయ్ బేటా, మనసులో మాత్రం నమ్మకు” అన్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకొమ్మని ఒక పిల్లవాడికి మేమే నేర్పాం. ధర్మం దాన్ని ఏమంటుందో పాఠకులకు తెలుసు. అందుకే ఈసారి రెండు వారాలు గడువడిగి కూర్చుని చదివాం.

డార్విన్‌ను ఖండిస్తూ ముస్లింలు రాసిన తొలినాటి పుస్తకాల్లో ఒకటి మన హైదరాబాదులోనే పుట్టింది. 1880 డిసెంబరులో ఇక్కడి మదరసా-ఎ-అఇజ్జాలో లెక్కలు చెప్పే ముహమ్మద్ వాసిల్ అనే ఉపాధ్యాయుడు, ఎక్కడ చూసినా వినబడుతున్న ‘నేచరీ’ అనే మాటకు అర్థమేమిటని సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీకి ఉత్తరం రాశారు. అఫ్ఘానీ ఫార్సీలో ఏకంగా ఒక గ్రంథమే జవాబుగా రాశారు. అరబ్బులు, యూదులు వేల ఏళ్లుగా సున్తీ చేయిస్తున్నా పిల్లలు సున్తీతో పుట్టడం లేదే అని అందులో ఎద్దేవా చేశారు. వినడానికి పదునైన మాటే. మేమూ తరగతిలో ఎన్నోసార్లు వాడుకున్నాం. కాని ఆ బాణం గురి తప్పింది. తండ్రి ఒంటికి పడిన కోత బిడ్డకు రాదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు వైజ్‌మన్ 1880లలో తరాల తరబడి ఎలుకల తోకలు కత్తిరించి చూసి తేల్చిందీ అదే. పరిణామం నిలబడింది పుట్టుకతోనే వచ్చే చిన్న చిన్న తేడాల మీద. వాటిలో బతుకుతెరువుకు పనికొచ్చేవి తరతరానికీ ఎక్కువవుతాయి. అఫ్ఘానీ సేవల పట్ల మాకు గౌరవముంది. అయితే ఆయన వాదించింది డార్విన్ రాసినదానితో కాదు, డార్విన్ గురించి విన్నదానితో అనిపిస్తుంది.

ఇక సాక్ష్యం సంగతి. తిమింగలం చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది. నేలమీది నాలుగు కాళ్ల జంతువుల సంతతి సముద్రంలోకి దిగి తిమింగలమైందని శాస్త్రజ్ఞులంటారు. అదే నిజమైతే మధ్యకాలపు జంతువుల ఎముకలు పాతరాళ్లలో దొరకాలి కదా? దొరికాయి. దొరికింది యూరపులో కాదు, మన ఇరుగుపొరుగున, మన సోదరుల నేలమీద.

పాకిస్తాన్‌లో దొరికి 1981లో పేరు పెట్టుకున్న పాకిసెటస్ దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటిది. తోడేలంత ఒళ్లు, నాలుగు కాళ్లు. చెవి ఎముక మాత్రం నేటి జంతువుల్లో తిమింగలాల కుటుంబంలోనే కనిపించే మందపాటి ఎముక. నడవనూ ఈదనూ గల ఆంబులోసెటస్‌ను 1994లో లోకానికి తెలిపారు. అది పాకిస్తానీ పంజాబులోని కాలా చిట్టా కొండల్లోది. మన జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు రాళ్లు సేకరించి దాచారు. ఆయన పోయాక ఆయన భార్య వాటిని పరిశోధకులకు అప్పగించారు. ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా అదే చెవి ఎముక బయటపడింది. పిల్లికన్నా కాస్త పెద్దదైన ఆ గిట్టల జంతువు ఇండోహ్యూస్. తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు.

బలూచిస్తాన్‌లో దొరికిన తిమింగలాల చీలమండ ఎముకను 2001లో ప్రకటించారు. బక్రీద్ నాడు మేక వెనుక కాలి కీలు విప్పి చూసినవారికి ఆ ఎముక తెలుసు. రెండు చివరలా గిలకలా గాడి ఉంటుంది. మేక, ఆవు, ఒంటె, జింకలకు ఉన్న ఆ ఎముకే ఆ పాత తిమింగలం కాలికీ ఉంది. ఈజిప్టులోని వాదీ అల్-హీతాన్‌లో, అంటే తిమింగలాల లోయలో, దాదాపు 50 అడుగుల తిమింగలానికి మోకాలు, వేళ్లతో సహా బుల్లి వెనుక కాళ్లు ఉన్నాయని 1990లో తేలింది. 2021లో నాలుగు కాళ్ల తిమింగలం ఒకదానికి పేరు పెట్టింది అక్కడి మన్సూరా విశ్వవిద్యాలయం పరిశోధకులే.

ఎముకలు పేర్చి కథ అల్లారని కొందరంటారు. ఎముకలు ముట్టుకోకుండా డీఎన్‌ఏ మాత్రమే చూసినవారు కూడా తిమింగలానికి అతి దగ్గరి బంధువు నీటిఏనుగు అన్నారు. అదీ గిట్టల జంతువే. గర్భంలోని డాల్ఫిన్ పిండానికి వెనుక కాళ్ల మొగ్గలు వచ్చి మాయమవుతాయి. మదరసాలో మనం ‘ఖబరె ముతవాతిర్’ పాఠం చదువుతాం. కూడబలుక్కునే వీలులేని ఎందరో ఒకే సంగతి చెబితే కాదనకూడదు. ఇక్కడ రాయి, పిండం, డీఎన్‌ఏ ఒకే సంగతి చెబుతున్నాయి. (గ్రీకుల నాలుగు భూతాల శాస్త్రాన్ని ‘మైబుజీ’లో ఏ భయమూ లేకుండా చదివిన మనకు దీనితోనే ఎందుకింత జంకు?)

సూరా అన్కబూత్ 20వ ఆయత్‌లో, భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని ఆదేశముంది. చూడమన్నప్పుడు, చూసినదాన్ని దాచడమెలా? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసేసినప్పుడు మనలో కొందరు సంతోషించారు. మేము సంతోషించలేకపోయాం. పాఠం పోయినంత మాత్రాన ఎముకలు పోవు. రేపు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టిన పిల్లవాడికి అవి ఎదురైతే, అబద్ధం చెప్పింది మౌల్వీ సాబే అనుకుంటాడు. అక్కడితో ఆగుతాడా?

హజ్రత్ ఆదం అలైహిస్సలాం మాటేమిటని అడుగుతారు. మనిషి దేహం గురించి కూడా సాక్ష్యాలు ఇదే దారిలో ఉన్నాయని దాచకుండా చెబుతున్నాం. ఆదం సృష్టి గురించి వహీ చెప్పినదాన్ని మేము విశ్వసిస్తున్నాం. ఈ రెంటినీ ఎలా అర్థం చేసుకోవాలో ఉలమాలో చర్చ నడుస్తోంది. మాకింకా పూర్తిగా తేలలేదు.

ఆ అబ్బాయి రెండు వారాల తర్వాత వచ్చాడు. “రాయి బేటా, నమ్మే రాయి” అన్నాం. ఆదం గురించి వాడూ అడిగాడు. తేలలేదనే చెప్పాం. వచ్చే జుమా తర్వాత ఇద్దరు స్నేహితులను కూడా తీసుకొస్తానన్నాడు.