వెనేడియం: అందమైన స్ఫటికం వేరు, ఆర్థిక నిక్షేపం వేరు
(ప్రత్యేక వ్యాసం)

మహారాష్ట్రలో పుణె నగరానికి సమీపాన గల వాఘోలి రాతి క్వారీలు ప్రపంచ ఖనిజ శాస్త్రజ్ఞులకు సుపరిచితములు. కంకర కోసం తవ్విన నల్లరాతి బొరియలలో అక్కడ ముదురు నీలి రంగు స్ఫటికాల గుత్తులు లభించాయి. ఆ అరుదైన ఖనిజమే కావన్‌సైట్. కాల్షియం, వెనేడియం, సిలికేట్ అనే పదాల తొలి అక్షరాలతో దీనికి ఆ పేరు ఏర్పడింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 1967లో మొదట కనుగొన్న ఈ ఖనిజాన్ని 1973లో శాస్త్రీయంగా వర్ణించారు. అయితే అత్యుత్తమ నమూనాలు వాఘోలివేనని సంగ్రాహకులు పరిగణించడం గమనార్హం.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్ ప్రాంతాన్ని కప్పివేసిన లావా చల్లారినపుడు, అందులో చిక్కుకున్న వాయువుల వలన శిలలలో బొరియలు మిగిలాయి. అనంతరం వాటిలోనికి చేరిన వేడి జలాల నుండి స్టిల్‌బైట్ వంటి జియోలైట్లు, వాటితో పాటు అక్కడక్కడ కావన్‌సైట్ స్ఫటికీకరించాయి. బసాల్టు శిలలో వెనేడియం స్వల్ప పరిమాణంలో చెదరి ఉంటుంది. అది తగిన ఆక్సీకరణ స్థితిలో కాల్షియం, సిలికాలతో ఒకేచోట సమకూడడం అరుదు. ఈ ఖనిజం అరుదుగా లభించడానికి కారణం ఇదే.

ఉక్కును దృఢపరచడానికి, విద్యుత్తును నిల్వచేసే ఫ్లో బ్యాటరీలకు వెనేడియం అవసరం. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఇది చోటు చేసుకుంది. అదే సంవత్సరం చేసిన చట్ట సవరణ ద్వారా, వెనేడియం సహా 24 కీలక ఖనిజాల లీజుల వేలం అధికారం కేంద్రానికి సంక్రమించింది. వేలం ఆదాయం మాత్రం రాష్ట్రాలకే చెందుతుంది.

కాగా, ఈ లోహం పరిశ్రమకు అందేది నీలి స్ఫటికాల నుండి కాదు. టైటానియంతో కూడిన మాగ్నటైట్ ముడిఖనిజం, ఉక్కు కర్మాగారాల స్లాగ్, అల్యూమినా శుద్ధిలో మిగిలే మడ్డి దీనికి ఆధారాలు. అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుంపారే జిల్లాలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన వెనేడియం సైతం కర్బనయుతమైన నల్లని ఫిల్లైట్ శిలలలోనిదే.

దక్కన్ శిలాప్రవాహం తెలంగాణలో వికారాబాద్ ప్రాంతం వరకు విస్తరించి ఉన్నది. అంతమాత్రాన అక్కడి రాతిలో కనిపించిన ప్రతి రంగు స్ఫటికాన్నీ నిక్షేపంగా వార్తలలో పేర్కొనడం సముచితం కాదు. సగటు శాతం, రాశి, వెలికితీత వ్యయం నిర్ధారణ అయిన పిదపనే నిక్షేపం అన్న మాటకు అర్థం ఉంటుంది.

మరొక అంశం అధికారులు గమనించదగినది. భవన నిర్మాణ రాయి చిన్న తరహా ఖనిజం. దాని నియమాల రూపకల్పన రాష్ట్రాల పరిధిలోనిది. ఆ రాయిలో ఇమిడిన అరుదైన స్ఫటికం, క్వారీలో గుర్తించేవారు లేనిపక్షంలో, క్రషర్‌లో కంకరతో పాటు పొడి అవుతుంది. దాని విలువ టన్నులలో కాక విజ్ఞానంలో ఉన్నది. తనిఖీ సమయంలో ఇటువంటి నమూనా కంటబడినపుడు, దాని స్థలాన్ని నమోదుచేసి భూగర్భ శాస్త్రజ్ఞులకు చేరవేయడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ఒకసారి పొడి అయిన స్ఫటికాన్ని మాత్రం ఎంత వ్యయంతోనైనను తిరిగి తేలేము.