ఆ కాపలా పిల్లలది కాదు
2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు గుంటూరు యార్డులో రైతుల గోడు అందరం విన్నాం. ఇంట్లో నాన్న ‘ఇక బతికి ఏం లాభం’ అంటే వినేది ఇంటర్ చదివే కూతురు. రాత్రంతా ఫోన్‌లో ఏదో వెతుకుతూ నిద్ర మానుకుని కాపలా కాస్తుంది. పరువు పోతుందని ఆ పిల్ల నోరు మూయించకండి.

టెలీ మానస్ నంబరు 14416 ఆమెకూ పనికొస్తుంది. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. కానీ అడగాల్సింది పెద్దలు. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు ఈరోజే ఇంట్లోంచి తీసేయండి. ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి.

గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. తోడుగా బాబాయో మేనమామో రావాలి. పిల్లను కాలేజీకి పంపండి.