తెరమీది పాఠము, చేతిలోని విద్య

బొల్లారమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ మాసము నాకు అందినది. జాబు పెద్దది, ప్రశ్న మాత్రము చిన్నది. ఆమె పెద్దకుమార్తె 2019లో బి.యస్సీ. నర్సింగులో చేరినది. 2020 మార్చిలో కరోనావలన కళాశాలలు మూతపడగా, ఆ పిల్ల నెలల తరబడి ముందుగదిలో ఫోను గోడకు ఆనించుకొని పాఠములు వినినది. నేడు ఒక ఆసుపత్రిలో పనిచేయుచున్నది. ఇప్పుడు రెండవ కుమార్తె వంతు వచ్చినది. ఆరునెలలలో నర్సింగు అంతయు ఫోనులోనే నేర్పి, పరీక్షయు ఫోనులోనే పెట్టి, పట్టా తపాలాలో పంపుదుమని ఒక ప్రకటన ఆమె కంటబడినది. రుసుము తక్కువ; పిల్ల ఇల్లు కదలనక్కరలేదు. "పెద్దది ఫోనులోనే గదా చదివినది, చిన్నది ఏల చదువరాదు?" అని ఆమె అడుగుచున్నది.

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట న్యాయము కాదు. తెరమీద నేర్చుకొనదగినది చాలనే కలదు. ఎముకల పేర్లు, రక్తప్రసారము, మందుల మోతాదులు లెక్కగట్టుట, అంటువ్యాధులు ప్రాకు విధము, ఇవన్నియు ఇంట కూర్చుండి నేర్వవచ్చును. తరగతిలో ఒకమారు విని మరచునది ఫోనులో పదిమార్లు వినవచ్చును. గుండెచప్పుళ్ళలోని తేడాలను పట్టించి వినిపించు పాఠములు కూడ ఉన్నవి. చెవికి వానివలన మంచి సాధన కలుగును. కాలు కదపక చదువుకొను స్త్రీలకు ఇది చిన్న మేలు కాదు.

అయితే ఆ సోదరి తన జాబులోనే ఒకచోట తన ప్రశ్నకు తానే సమాధానము వ్రాసికొనినది. ఆమె దానిని గమనింపలేదు. కళాశాల మూసియున్న దినములలో పెద్దపిల్ల తల్లిని మంచముపై పరుండబెట్టి నాడి చూచెడిదట. చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు కొలిచెడిదట. బత్తాయిపండు తెచ్చుకొని దానికి సూది గ్రుచ్చుట అభ్యసించెడిదట. బత్తాయితో అభ్యాసము నర్సింగు బడులలో ఎప్పటినుండియో ఉన్నదే. కాని బత్తాయికి నొప్పి లేదు, భయము లేదు; సూది తగులగనే ప్రక్కకు జారిపోవు నరము లేదు. కళాశాల తెరచిన పిదప వార్డులో ఒక ముసలమ్మ చేతికి సెలైను పెట్టబోగా రెండుమార్లు నరము జారినదట. మూడవమారు పెద్దనర్సు వెనుకనుండి వచ్చి, పిల్ల వ్రేళ్ళపై తన వ్రేళ్ళుంచి, చర్మమును క్రిందికి లాగి పట్టు విధము చూపగా సూది సరిగా దిగినది. "ఆ దినమున ఇంటికి వచ్చి అన్నము తినక ఏడ్చినది" అని తల్లి వ్రాసినది. సోదరీ, మీ పెద్దమ్మాయి ఫోనులో నేర్చినది సగమే. తక్కిన సగము ఆ ముసలమ్మయు ఆ పెద్దనర్సును నేర్పిరి.

చేతికి మాత్రమే తెలియు సంగతులు ఈ వృత్తులలో ఎన్ని గలవో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. ప్రసవమైన పిమ్మట నర్సు తల్లి పొట్టపై చేయి వైచి గర్భాశయమును తడిమి చూచును. అది ముడుచుకొని గట్టి బంతివలె తగిలినచో భయము లేదు. మెత్తగా, జాడ తెలియకుండ ఉన్నచో రక్తస్రావము రానున్నదనియో, వచ్చినదనియో గ్రహించి, వెంటనే దానిని మర్దించుచు వైద్యుని పిలువవలెను. బాలెంతలు మరణించుటకు గల ముఖ్యకారణములలో ఈ రక్తస్రావమొకటి. అచట నిమిషములతో పని. 'గట్టి' 'మెత్త' అను మాటలు పుస్తకములో ఉన్నవి. ఎంత గట్టి, ఎంత మెత్త? అరిసెల పాకము దింపు సమయమును అత్తగారు ఎన్నిమార్లు చెప్పినను, నీళ్ళలో వేసిన పాకమును మన వ్రేళ్ళతో మనము ఉండకట్టి చూచిన నాడే గదా తెలిసినది! అరిసెలు చెడినచో మరల వండుకొందుము.

గుండె ఆగినవారి ఛాతీని నొక్కు విధమును చూడుడు. నిమిషమునకు 100 నుండి 120 మార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గక 6కు మించక నొక్కవలెనని ఫోను చెప్పును. బొమ్మమీద నొక్కి చూచువరకు అది ఎంత బలమో, రెండు నిమిషములలో చేతులు ఎట్లు సోలిపోవునో ఎవరికిని తెలియదు.

బొల్లారము పేరు చూడగనే నాకొక పాతకథ స్మరణకు వచ్చినది. నేడు రాష్ట్రపతి నిలయమని పిలువబడు భవనము ఒకప్పుడు ఆంగ్ల రెసిడెంటుగారి విడిది. ఆ రెసిడెన్సీకి శస్త్రవైద్యుడుగాను, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగాను ఉండిన ఎడ్వర్డు లారీ క్లోరోఫారము ఇచ్చు పద్ధతిని తన శిష్యులకు రోగి తలవైపున నిలువబెట్టి నేర్పెడివాడు. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టుడని ఆయన పట్టుదల. 1885లో ఆ పాఠశాలలో చేరిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూంజీ యొకరు. ఆమె అట్లే నేర్చి, మత్తుమందు ఇచ్చు విద్యలో ప్రపంచమందలి తొలి స్త్రీలలో ఒకరుగా పేరొందినది. పరపురుషుని యెదుట ముసుగు తీయని కాలమున ఆ పిల్లలను ఆసుపత్రికి పంపిన తల్లులను తలచుకొనుడు.

కథకు రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. క్లోరోఫారము గుండెను నేరుగా ఆపదని నిజాముగారి ధనముతో 1889లో జరిగిన రెండవ పరిశోధక సంఘము తేల్చినది. అది తప్పని 1911లో గుడ్మన్ లెవీ పరిశోధనలవలన తేటపడినది. చేతితో నేర్పిన గురువు కూడ పొరబడవచ్చును. కనుక పుస్తకమును, తెరను వలదనుట నా మతము కాదు.

ఇటీవలి సంగతి యొకటి. చైనాలో వైద్యవిద్య చదువుచు 2020లో ఇల్లు చేరి, ఆసుపత్రిలో నేర్వవలసిన భాగమును ఆన్‌లైనులో ముగించినవారు ఎందరో కలరు. అందు మన తెలుగు పిల్లలును ఉన్నారు. వారి వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. ఆచరణశిక్షణ లేని పట్టాను ఉన్నదున్నట్లు ఒప్పుకొనుమని జాతీయ వైద్యకమిషనును నిర్బంధింపజాలమనుచునే, ఆ కొరత తీర్చుకొను దారి యొకటి చూపుమని 2022 ఏప్రిల్ 29న న్యాయస్థానము ఆదేశించినది. అంతకు పూర్వమే, ఫిబ్రవరిలో యుద్ధము రేగి ఉక్రెయిను విద్యార్థులును తిరిగివచ్చియుండిరి. చివరి సంవత్సరమున ఇల్లు చేరి 2022 జూను 30 లోగా పట్టా పొందినవారు ఇచ్చటి పరీక్షలో నెగ్గి, ఒక యేడాదికి బదులు రెండేండ్లు ఆసుపత్రిలో శిక్షణ పొందవలెనని కమిషను ఆ జూలైలో నిర్ణయించినది. పొలము తాకట్టుపెట్టి పంపిన తండ్రికి ఆ రెండవ యేడు ఎంత భారమో నేనెరుగుదును. అయినను రోగివైపునుండి చూచినచో ఆ యేడు అధికము కాదు.

దూరవిద్య ఎవరికి తగును? అంతకుముందే చేయి తిరిగినవారికి తగును. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము నర్సింగులో దూరవిద్య నడపినపుడు, అప్పటికే నమోదైన నర్సులనే చేర్చుకొనినది. వారికిని ఆసుపత్రిలో అభ్యాసము తప్పలేదు.

ఇక మీ చిన్నమ్మాయి విషయము. ఎ.ఎన్.ఎం. రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.యస్సీ. నాలుగేండ్లు, ఆరునెలలలో నర్సు అగుట లేదు. ఆ పట్టాతో రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు కాదు; నమోదు లేనిదే నర్సుగా పనిచేయు హక్కు లేదు. ప్రకటన వేసినవారికి ఒక్క ప్రశ్న వ్రాసి పంపుడు: మా పిల్ల ఏ ఆసుపత్రిలో, ఎవరి పర్యవేక్షణ క్రింద, ఎన్ని గంటలు రోగులవద్ద నిలుచును? ఉత్తరము వచ్చువరకు పైకము కట్టకుడు. ఏ కళాశాలలో చేర్పదలచినను దాని గుర్తింపును మండలివద్ద విచారించి, వారి ఆసుపత్రికి మీరే ఒక పూట వెళ్ళి, మంచములమీద రోగులున్నారో లేదో కన్నులార చూచి రండు. పెద్దమ్మాయిని వెంటబెట్టుకొని పొండు. ఏమి చూడవలెనో ఆమెకు మనకంటె బాగుగ తెలియును. ఆమె చెప్పినది నాకును వ్రాయుడు.