గాలి బాగుపడ్డ రోజుల కూలి ఎవరిస్తారు?

ఊరి గాలి వాడ మీదికి రావొచ్చు, వాడ గాలి ఊరి మీదికి పోకూడదు. మన ఊళ్లు కట్టిన తీరే అది. అంటరానివాళ్ల ఇళ్లు దక్షిణ దిక్కునే ఉండాలన్న కట్టుబాటు గురించి బాబాసాహెబ్ అంబేద్కర్ రాశారు. గాలికి కూడా మైల అంటగట్టిన దేశం ఇది. అలాంటి దేశంలో 2020లో పట్నాల గాలి శుభ్రపడిందని పత్రికలూ టీవీలూ తెగ సంబరపడ్డాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ ముచ్చట మళ్లీ ఎందుకంటారా? ఆ సంబరం ఖర్చు ఎవరి నెత్తిన పడిందో ఇంకా తేలలేదు కాబట్టి. అదే మందు ఇప్పటికీ వాడుతున్నారు కాబట్టి.

గాలి బాగుపడ్డ మాట అబద్ధం కాదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనబడి అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. నాలుగు గంటల గడువు. బండ్లు ఆగినయ్, ఫ్యాక్టరీలు ఆగినయ్, బిల్డింగు పనులు ఆగినయ్. ఢిల్లీలో మోటారు పొగతో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ సగానికి పడిపోయింది. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగే సన్న ధూళి, పి.ఎం. 2.5 అంటారే, అదీ బాగా తగ్గింది. పంజాబులోని జలంధర్‌లో జనం మేడలెక్కి సుమారు 200 కిలోమీటర్ల అవతలున్న ధౌలాధార్ మంచుకొండలు చూశారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి.

మేడలున్నవాళ్లు కొండలు చూశారు. మేడలు కట్టినవాళ్లు అప్పటికి రోడ్ల మీద నడుస్తున్నారు.

మన ములుగు జిల్లా మిరప చేలల్లో కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక ఆదివాసీ పిల్ల, పన్నెండేళ్లది, పని ఆగిపోయి, బస్సు లేక, మూడు రోజులు అడవి దారిన నడిచి, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. మే 8 తెల్లారుజామున ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీదే నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి పోయింది. వీళ్లంతా శుభ్రమైన గాలి పీలుస్తూనే పోయారు. కోటి మందికి పైగా వలస కూలీలు సొంత రాష్ట్రాలకు తిరిగొచ్చారని లెక్క చెప్పిన కేంద్రమే, దారిలో ఎందరు చచ్చారని అడిగితే ఆ లెక్క మా దగ్గర లేదని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పింది. ధూళిని గంటగంటకీ మైక్రోగ్రాముల్లో తూచే సర్కారుకి శవాలు లెక్కకు రాలేదు!

ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, సామాజిక దూరం. మనిషికీ మనిషికీ ఎడం అంటే సరిపోయేది. మనకేమన్నా ఆ మాట కొత్తా?

దేశమంతా గాలి బాగుపడిందని మురిసిన ఆ రోజుల్లోనే, మే 7 తెల్లారకముందు, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచి 12 మందిని చంపింది. ఫ్యాక్టరీ పక్కనున్న బతుకుల గాలి వేరు, నగరం సగటు గాలి వేరు. చీపురు పట్టినవాళ్లకైతే లాక్‌డౌనే లేదు. మ్యాన్‌హోల్‌లో దిగే మనిషి గాలి సంగతి ఇంకా చెప్పనే అక్కర్లేదు. కూడలి కూడలికీ గాలి కొలిచే మిషన్లు పెడతామంటున్నారు గదా, హైడ్రోజన్ సల్ఫైడ్ నిండిన ఆ గుంతలో ఏ మిషను పెట్టారు? 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా చావులు ఆగక, ఒక్కో ప్రాణానికి 30 లక్షలు కట్టమని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2020 నవంబరుకే ఢిల్లీ ఆకాశం మళ్లీ బూడిదయింది. అంటే ఎవరూ పొగ తగ్గించలేదు, పని ఆపారంతే. ఇప్పుడు చలికాలం వచ్చి గాలి విషమించినప్పుడల్లా అక్కడ కట్టడం పనులు ఆపుతారు. పని ఆగితే పార పట్టినవాడి పొయ్యి ఆగుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, కూలీల పేర వసూలు చేసిన సెస్సులోంచి వాళ్లకు భృతి ఇవ్వమంది. ఎవరూ సరిగ్గా ఇవ్వలేదని డిసెంబరులో ఢిల్లీ, చుట్టుపక్కల రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను పిలిపించి అడిగింది. ఢిల్లీ సర్కారు 8,000 ఇవ్వాల్సిన చోట 2,000 చేతిలో పెట్టింది. మిగతాదీ ఇవ్వమని మళ్లీ కోర్టే చెప్పాలి.

అదే బొగ్గు కరెంటు ప్లాంట్ల సంగతి చూడండి. గంధకపు పొగ తగ్గించాలని 2015 డిసెంబరులో రూలు పెట్టారు, రెండేళ్లు గడువిచ్చారు. వాయిదా మీద వాయిదా. చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లకు ఆ మిషన్లే అక్కర్లేదన్నారు. చిమ్నీకి పదేళ్ల గడువు. పారకి నాలుగు గంటలు.

గాలి బాగుపడొద్దని మేమనడం లేదు. ఇటుక బట్టీలో, క్వారీలో, చెత్త గుట్టల పక్కన ఆ పొగ అందరికన్నా ముందు మింగేది మనమే. దగ్గూ ఆయాసమూ మన వాడల్లోనే ఎక్కువ. మేమడిగేదల్లా గాలి కోసం పని ఆపిన రోజుకి కూలి కట్టమని. అది దయ కాదు, ధర్మం అంతకన్నా కాదు, బాకీ.

ఇదంతా ఢిల్లీ గోల అనుకోకండి అన్నలారా, అక్కలారా. హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ, విజయవాడ, గుంటూరు, విశాఖ, ఇవన్నీ గాలి చెడిన నగరాలని కేంద్రమే 2019లో లిస్టు రాసింది. రేపు ఇక్కడా పని ఆపితే, కార్డు ఉన్నవాడికే భృతి అంటారు. భవన నిర్మాణ కార్మికుల కార్డుకి 18 నుంచి 60 లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. మన వాడల్లో మేస్త్రీ వెంట పోయే ఆడవాళ్లలో ఆ కార్డు ఎందరికి ఉంది? సంఘం కార్యకర్తలు వచ్చే పక్షం లోపల ఇంటింటికీ తిరిగి, కార్డు లేనివాళ్ల పేర్లు, రెన్యువల్ కానివాళ్ల పేర్లు విడివిడిగా రాసి మాకు పంపండి.