మెడలో జబ్బు, గర్భసంచికి కోత

రక్తస్రావం ఎక్కువవుతోందని వెళ్ళిన స్త్రీతో 'గర్భసంచి తీసేద్దాం' అని మన ఆస్పత్రుల్లో ఎంత తేలిగ్గా అంటారో ఆరోగ్య కార్యకర్తలకు వేరే చెప్పనక్కర్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వీళ్ళలో ఎందరికి కోతకు ముందు థైరాయిడ్ పరీక్ష చేశారు?

మెడ ముందు భాగంలో, శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని, సీతాకోకచిలుకలా రెండు రెక్కలతో ఉండే గ్రంథి థైరాయిడ్. బరువు సుమారు 20 గ్రాములు. ఆహారంలోని అయోడిన్‌తో టీ3, టీ4 హార్మోన్లను తయారుచేస్తుంది. ఒంట్లో కణాలు ఎంత చురుగ్గా పనిచేయాలో నిర్ణయించేవి ఇవే. మెదడు అడుగునున్న పీయూష గ్రంథి టీ.ఎస్.హెచ్. అనే మరో హార్మోనుతో దీన్ని అదిలిస్తూ ఉంటుంది. థైరాయిడ్ మందగించిన కొద్దీ సాధారణంగా టీ.ఎస్.హెచ్. పెరుగుతుంది. పరీక్షలో ముందుగా చూసేది దాన్నే. అయోడిన్ ఉప్పు వాడుతున్నాం కదా అనుకోవద్దు. శరీర రక్షణ వ్యవస్థే ఈ గ్రంథి మీద దాడి చేయడం వల్ల జబ్బుపడేవారు చాలామంది.

థైరాయిడ్ మందగిస్తే నీరసం, చలి, మలబద్ధకం, మతిమరుపు, దిగులు. బహిష్టు రోజుల తరబడి సాగుతుంది. మగవాళ్ళకంటే స్త్రీలకే ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చే ఈ జబ్బుకు ఇంట్లో పేరు 'బద్ధకం', డాక్టరు గదిలో పేరు 'టెన్షన్'. రక్తహీనతలోనూ నీరసం ఉంటుంది కనుక ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. రెండు పరీక్షలూ చేయాలి మరి! గర్భం తొలినెలల్లో పిండం మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం. లోపం ఎక్కువైతే గర్భం నిలవకపోవచ్చు. అప్పుడూ నింద కోడలికే.

వైద్యం రోజూ పరగడుపున వేసుకునే ఒక మాత్ర. ఖరీదేమీ కాదు. కానీ పెళ్ళిచూపుల్లో పుట్టింటివాళ్ళు సంగతి దాస్తారు, అత్తింట్లో బయటపడుతుందని ఆ పిల్ల మాత్ర మానేస్తుంది. దీని గురించి మన సమావేశాల్లో కూడా మాట్లాడుకోం.

డబ్బున్నవాళ్ళకు కార్పొరేట్ ఆస్పత్రులు అవసరం లేకపోయినా ప్యాకేజీలో ఈ పరీక్ష అంటగడతాయి. కూలి స్త్రీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇది ఉచితంగా దొరకాలి. గర్భసంచి తీయాలన్న డాక్టరు ముందు థైరాయిడ్ చూశారా లేదా కేసు షీటులో రాయాలి. ఆ కాగితం చూశాకే సంతకం పెడతానని చెప్పే హక్కు ఆమెకుంది. అలా చెప్పేటప్పుడు మన కార్యకర్త ఆమె పక్కన ఉండాలి.