తాయెత్తుకు ముందు రక్తపరీక్ష

ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, మళ్లీ మళ్లీ లేచే చీముగడ్డలు, పెరగని బరువు. ఇటువంటి బిడ్డకు దిష్టి తగిలిందని తాయెత్తులు కట్టించడం మన బస్తీలలో మేము తరచుగా చూస్తున్నాం. అది పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపం కావచ్చు. తొలి ఆధారం ఖరీదైనది కాదు, మామూలు రక్తపరీక్షే. పసికందులో లింఫోసైట్లు ఘన మిల్లీమీటరుకు 3,000 కంటే తగ్గితే అనుమానించాలి. ఆపై ఇమ్యునోగ్లోబులిన్ల పరీక్ష.

పసితనంలో పోయిన బిడ్డల సంగతిని కుటుంబాలు వైద్యుని వద్ద దాస్తాయి. నింద కోడలిపై పడుతుందని భయం. ఈ లోపాలలో అనేకం తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించేవే. దగ్గరి బంధువుల వివాహాలలో ముప్పు ఎక్కువన్నది నిజం. మేనరికాలు తెలుగునాట ఇతర మతస్థులలోనూ ఉన్నాయి గనుక మనలను మాత్రమే వేలెత్తి చూపడం అన్యాయం. అయితే ఇస్లాం అటువంటి వివాహాన్ని అనుమతించిందే గాని ఆదేశించలేదు.

టీకాలు పిల్లలందరికీ అవసరమే. కాని తోబుట్టువు అలా మరణించిన ఇంట పుట్టిన శిశువుకు బీసీజీ వేయకముందే ఆ మాట వైద్యునికి చెప్పి తీరాలి. తీవ్ర లోపమున్న శిశువుకు ఆ సజీవ టీకాయే ప్రాణాంతకం కాగలదు.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. హైదరాబాదులో నిమ్స్ ఉంది. బస్తీ దవాఖానా నుంచి అక్కడికి బిడ్డను పంపే ఏర్పాటును ప్రభుత్వం వెంటనే చేయాలని మేము కోరుతున్నాం.